కాటా సెల్లు

(విజయనగరం, అయ్యకోనేరు గట్టు పక్కన మా అద్దె ఇల్లు. ఆదివారం పదకొండు గంటలు. డైనింగ్ టేబుల్ మీద పాత కంప్యూటర్, పక్క డోరు ఊడదీసి ఉంది.)

మా ఆవిడ: ఏటండీ ఇది, అన్నాలు తినే చోట పోస్టుమార్టమా?

నేను: ఉండవే. నాలుగు జీబీకి తోడు ఇంకో నాలుగు జీబీ ర్యామ్ ముక్క వేసేను, ఆన్ చేస్తే బీప్ బీప్‌మని ఊరుకుంది, స్క్రీన్ నల్లగానే ఉంది.

మా ఆవిడ: నిన్నటిదాకా బానే ఉన్నాది కదా దిక్కుమాలింది.

నేను: బోర్డు గుర్తు పెట్టుకున్న పాత సెట్టింగులు చెరిపేస్తే సరి. ప్లగ్గు పీకేసేను, పవర్ బటన్ కాసేపు నొక్కి లోపలి కరెంటు దింపేసేను, ఇప్పుడు బోర్డు మీద ఇవిగో మూడు పుల్లలు, మొదటి రెండిటి మీద టోపీలాంటి జంపర్ ఉంటాది, దాన్ని తీసి రెండూ మూడూ మీద పెట్టి పది సెకన్లాగి మళ్ళీ ఎప్పటి చోటే... అరె, టోపీ ఏదీ?

మా ఆవిడ: మీ కాలి కింద మినపగింజలాగ ఉన్నాది, అదేనా?

(టోపీ పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. ఆన్. బీప్ బీప్.)

మా ఆవిడ: ఈ కొత్త ముక్కకి ఈ పక్క క్లిప్పు లేచి ఉన్నాదేటండీ?

నేను: అది అలాగే ఉం... (మళ్ళీ ప్లగ్గు పీకి ఆ ముక్కని నొక్కితే టక్‌మంది. ఆన్ చేస్తే ఒక్కటే బీప్, స్క్రీన్ వచ్చీసింది.)

మా ఆవిడ: అయితే ఆ చెరపడం దేనికి చేసినట్టు?

నేను: ...

మా ఆవిడ: తేదీ ఏటి, జనవరి 1, 2009 అంటన్నాది? ఇంతలోనే స్క్రీన్ మొత్తం నీలంగా అయిపోనాది!

నేను: సెట్టింగులు పోయేయి కదా, హార్డ్ డిస్క్ మోడు ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతి నుంచి ఐడీఈ అనే పాత పద్ధతికి వెళ్ళిపోయింది, ఇందులో ఉన్న విండోస్ 7కి అది పడదు. ఆన్ అయ్యేటప్పుడు డిలీట్ కీ నొక్కి సెట్టింగుల్లోకెళ్ళి మార్చేస్తాను. తేదీ కూడా సరిచేయాలి, లేకపోతే బ్యాంకు సైట్లు తెరుచుకోవు. బోర్డు మీద తేదీ, సెట్టింగులు పోకుండా కాసే సెల్లు కూడా మార్చేసేను లే, పాతది డౌనయిపోయింది.

మా ఆవిడ: మరిన్నాళ్ళూ తేదీ బానే చూపించింది కదా?

నేను: ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసుంటే కరెంటు మీదే గడియారం నడుస్తాది, సెల్లుతో పని లేదు. ప్లగ్గు పీకితేనే సెల్లు కావాలి.

మా ఆవిడ: ఓహో. కొత్త సెల్లు ఎప్పుడు తెచ్చేరు? పొద్దున్నుంచీ గుమ్మం దిగలేదు కదా.

నేను: సీఆర్ 2032 అని మూడు వోల్టుల గుండ్రటి సెల్లు, ఎక్కడైనా...

మా ఆవిడ: ఎక్కడిదీ అని అడుగుతన్నాను.

నేను: ...మన వంటింటి కాటాలోది.

మా ఆవిడ: ఓలమ్మో! అరిసెలకి రెండు కిలోల బియ్యం నానబోసి కూర్చున్నాను, బెల్లం ఏటితో తూచీది? దానికి ప్లగ్గుంటే చాలని మీరే అన్నారు, నా కాటాకి ప్లగ్గు లేదు. తీయండి.

నేను: తీయాలంటే ప్లగ్గు పీకాలే, పీకి సెల్లు తీస్తే ఇప్పుడు పెట్టినవన్నీ పోయి మళ్ళీ 2009 వచ్చేస్తాది!

మా ఆవిడ: రానీండి. అప్పటి రేటుకి బెల్లం దొరుకుతాదేమో చూసి రెండు కిలోలు తెండి.