టీవీల తరఫున వకాల్తా

ఇంట్లోని కంప్యూటర్‌ను హాల్లోని హెచ్‌డీ టీవీకి కలపడం చిటికెలో పని అనే దుష్ప్రచారం ఈ మధ్య మితిమీరింది. ఒక వైరు తెచ్చి ఒక కొస ఇటు, ఒక కొస అటు గుచ్చితే చాలని టెన్త్ చదివే పిల్లలు కూడా ధైర్యంగా చెబుతున్నారు. ఆ పనిని ఇంత కష్టంగా తీర్చిదిద్దడానికి టీవీ కంపెనీలు, కంప్యూటర్ కంపెనీలు, ప్రమాణాలు రాసే పెద్దలు దశాబ్దాలుగా పడిన శ్రమను చులకన చేయడం అన్యాయం. వారి తరఫున నాలుగు మాటలు చెప్పేవారు లేరు కనుక ఈ వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను.

కంప్యూటర్ నుంచి తెరకు బొమ్మను పంపడానికి 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ పిన్నుకు 15 సూదులు, అటూ ఇటూ రెండు మరలు ఉండేవి. మరలు బిగించాక ఎవరు కాలు తగిలించినా ఊడేది కాదు, శబ్దం మాత్రం మోసేది కాదు. 2002లో ఏడు కంపెనీలు కలిసి, బొమ్మను, శబ్దాన్ని ఒకే వైరులో పంపే హెచ్‌డీఎంఐని ప్రకటించాయి. 19 సూదులున్న ఆ పిన్ను నిలబడటానికి మరలేవీ లేవు. టీవీని గోడకు బిగించి, వెనక రెండు వేళ్ల సందు మాత్రమే మిగిల్చి, ఆ సందులో రంధ్రాలు పెట్టిన దూరదృష్టిని ఇక్కడ మెచ్చుకోవాలి. చెంప గోడకు ఆనించి, ఫోన్ టార్చి పళ్ల మధ్య కరిచిపట్టి, పిన్ను ఏ వైపు పైకి ఉండాలో వేలికొసతో తడిమి తెలుసుకునే గృహస్థుకు, పండక్కి కూడా దులపని ఆ గోడ దుమ్ము ఎంతుందో అప్పుడే తెలుస్తుంది.

సరే, బొమ్మ వచ్చింది. స్టార్ట్ బటన్ లేదు, గడియారం లేదు, కిటికీలను మూసే ఎర్ర గుర్తు సగమే ఉంది. దీన్ని లోపమనేవారు చరిత్ర తెలియనివారు. పిక్చర్ ట్యూబ్ రోజుల్లో వోల్టేజీ పడిపోతే బొమ్మ కుంచించుకుపోయేది, ట్యూబ్ పాతబడితే అంచులు వంకరపోయేవి. అవి కంటబడకుండా బొమ్మను కాస్త పెద్దది చేసి, చివరలను చట్రం వెనక దాచేవారు. ఇప్పటి పలక టీవీలో ప్రతి చుక్కకూ స్థిరమైన చోటుంది, ఫుల్ హెచ్‌డీ అయితే అడ్డంగా 1920, నిలువుగా 1080, దాచవలసిన వంకర ఏదీ లేదు. అయినా చాలా టీవీలు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే కంప్యూటర్ పంపిన బొమ్మను సాగదీసి, నాలుగు అంచులూ కోసి చూపిస్తాయి. సాగదీయడం వల్ల అక్షరాలు అలికినట్టవుతాయి కూడా. పిక్చర్ ట్యూబ్ ఏనాడో కాలం చేసినా, దాని తద్దినాన్ని ఏడాదికొకసారి కాకుండా రోజూ మన హాల్లోనే పెడుతున్న ఇంతటి పితృభక్తి మరే పరిశ్రమలోనైనా ఉందా?

ఈ కోతను ఆపే సదుపాయం టీవీలోనే ఉంటుంది. కాకపోతే ఒక కంపెనీ దానిని జస్ట్ స్కాన్ అంటుంది, మరొకటి స్క్రీన్ ఫిట్ అంటుంది, ఇంకొకటి ఫుల్ పిక్సెల్ అంటుంది. ఒకరు వెతికి పట్టుకున్న జ్ఞానం పక్కింటివారికి పనికిరాకుండా తీసుకున్న జాగ్రత్త ఇది. కొన్ని టీవీల్లో కంప్యూటర్ గుచ్చిన ఇన్‌పుట్‌కు మెనూలో పీసీ అని పేరు మార్చగానే, రంగుల వివరాన్ని కుదించే ప్రక్రియ ఆగి అక్షరాలు తేటపడతాయి. పేరు మారిస్తే రాత మారుతుందంటే నవ్వే హేతువాదులు ఈ విషయంలో పునరాలోచించుకోవాలి.

శబ్దం సంగతి ఎక్కువ చెప్పను. విండోస్‌లో ప్లేబ్యాక్ పరికరంగా టీవీని ఎంచుకోకపోతే మాటలన్నీ పడగ్గదిలోని పాత స్పీకర్లకే పోతాయి. హాల్లో కూర్చున్న నాయనమ్మ, "ఏరా, వీళ్లు నోళ్లు ఆడిస్తున్నారు గానీ మాటలు రావేం?" అని అడుగుతుంది. ఎంచుకున్నాక, రాత్రి సీరియల్‌కు ఆవిడే పెంచిన వాల్యూమ్‌తో అవి వీధి చివర దాకా వస్తాయి.

ఇక ప్రమాణాల ఔదార్యం చూడండి. 2017లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.1 వెర్షన్ సెకనుకు 48 గిగాబిట్ల సమాచారం దాకా మోయగలదని చాటారు. 2021కి వచ్చేసరికి దానికి ముందున్న 2.0 అనే వెర్షనే ఇక లేదని, అంతా 2.1లో భాగమేనని, అందులోని కొత్త సదుపాయాలు ఇచ్చినా ఇవ్వకపోయినా చెల్లుతుందని తేల్చారు. అంటే ఆ కొత్త సదుపాయాల్లో ఒక్కటీ లేని టీవీ కూడా 2.1 అనే బిరుదు ధరించవచ్చు. లాప్‌టాప్ పక్కనుండే టైప్-సి రంధ్రాలదీ ఇదే సమభావం: చూడటానికి అన్నీ ఒకటే, కొన్ని బొమ్మను మోస్తాయి, కొన్ని మోయవు.

ఇంత చెప్పాక కొనుగోలుదారుల పక్షాన కూడా ఒక్క కోరిక ఉంచితే కంపెనీలు ఏమీ అనుకోవని నమ్ముతున్నాను. టీవీ ఫ్యాక్టరీ నుంచి ఎంత శాతం అంచు కోసుకుని వస్తుందో, దుకాణంలో మనం కూడా ధరలో అంత శాతం కోసి చెల్లించే ఏర్పాటు ఉండాలి. మిగతా సొమ్ము ఎక్కడికీ పోదు. అది మన దగ్గరే ఒక మెనూ కింద ఇంకో మెనూలో, ప్రతి ఇంట్లో ఒక్కో పేరుతో, భద్రంగా ఉంటుంది. సేల్స్‌మన్ వచ్చి రిమోట్‌తో వెతికి పట్టుకున్న రోజున తప్పకుండా ఇచ్చేస్తాం.