వాన్ గో బొమ్మల్ని లోకం తనంతట తానే గుర్తించలేదు

ఈ మెసేజ్ ఏదో ఒక గ్రూపులో తిరుగుతూనే ఉంటుంది: "డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో బతికుండగా ఒక్క బొమ్మే అమ్ముడుపోయింది. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. పిచ్చిలోనే గొప్ప బొమ్మలు వేశాడు. ప్రియురాలికి చెవి కోసిచ్చాడు. పోయాక లోకం ఆయన విలువ తెలుసుకుంది. కాబట్టి నిరాశ పడకండి." ధైర్యం చెప్పడం మంచిదే. కానీ దానికోసం నిజంగా కష్టపడ్డవాళ్లని కథలోంచి తీసెయ్యడం అన్యాయం.

ముందు ఆ ఒక్క బొమ్మ సంగతి. 1890లో బ్రస్సెల్స్ ప్రదర్శనలో 'ఎర్ర ద్రాక్షతోట'ను అన్నా బాక్ అనే చిత్రకారిణి 400 ఫ్రాంకులకు కొన్న మాట నిజం. అదొక్కటే అనడమే తప్పు. 1882లోనే, ఆయన హేగ్‌లో ఉండగా, ఆమ్‌స్టర్‌డామ్‌లో బొమ్మల వ్యాపారం చేసే బాబాయి హేగ్ దృశ్యాలు 12 గీయించుకుని డబ్బిచ్చాడు, తర్వాత ఇంకొన్ని అడిగాడు. పారిస్‌లో రంగులమ్మే తాంగీ ఆయన బొమ్మలు తీసుకుని రంగులిచ్చేవాడు.

ఎవరూ పట్టించుకోలేదా? ఆయన కుంచె పట్టిందే 27వ ఏట. పదేళ్లకే, 37 ఏళ్లకు చనిపోయాడు. ఆ పదేళ్లు పూర్తికాకముందే, 1890 జనవరిలో, అల్బేర్ ఓరియే అనే విమర్శకుడు పారిస్ పత్రికలో ఆయన్ని ఆకాశానికెత్తుతూ వ్యాసం రాశాడు. ఆ వసంతంలో పారిస్ ప్రదర్శనలో పెట్టిన పది బొమ్మలు చూసి, అన్నిటికంటే ఇవే బాగున్నాయని పేరున్న చిత్రకారుడు మోనే అన్నాడట. ఆ మాట తమ్ముడు థియో ఉత్తరంలో అన్నకు చేరింది.

తిండికి ఇబ్బంది పడింది అబద్ధం కాదు. కానీ థియో నెలకు సుమారు 150 ఫ్రాంకులు పంపేవాడు, ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువే. అదే ఊళ్లో విన్సెంట్ ఎవరి బొమ్మ గీశాడో ఆ పోస్టల్ ఉద్యోగి రూలాఁ నెలకు 135 ఫ్రాంకులతో ముగ్గురు పిల్లల్ని పెంచుతున్నాడని విన్సెంటే రాశాడు. మరి డబ్బంతా ఏమైంది? చాలావరకు రంగులకీ కాన్వాసులకీ పోయింది. కడుపు మాడ్చుకుని మరీ రంగులు కొన్నాడు.

పిచ్చిలో వేశాడన్న మాట నాకు అన్నిటికంటే బాధ. జబ్బు తిరగబెట్టినప్పుడు ఆయన పని చాలావరకు ఆగిపోయేది. కాస్త తేరుకోగానే మళ్లీ కుంచె పట్టేవాడు. సెయింట్ రెమీలోని మానసిక చికిత్సాలయంలో ఏడాదిలో 150 దాకా పెయింటింగులు వేసింది అలాగే. చెవి ఇచ్చిందీ ప్రియురాలికి కాదు, ఆర్ల్‌లో ఒక వేశ్యాగృహంలో ఉన్న అమ్మాయికి.

ఇక చివరి మాట, లోకం దానంతటదే తెలుసుకుందన్నది. అన్న పోయిన ఆరు నెలలకు, 1891 జనవరిలో, థియో కూడా పోయాడు. అతని భార్య పేరు జో. ఆమెకు అప్పటికి 28 ఏళ్లు. చేతిలో ఏడాది నిండని బాబు, ఇంటినిండా అప్పటికి పెద్ద ధర పలకని బొమ్మలు. ఆమె హాలండ్‌లోని బుస్సుమ్‌కు మారి, ఇంట్లో అద్దెకు మనుషుల్ని పెట్టుకుని, అనువాదాలు చేసుకుంటూ సంసారం నెట్టుకొచ్చింది. పిల్లవాడితో పాటు విన్సెంట్ బొమ్మల్ని నలుగురికీ చూపించే పని కూడా థియో తనకు వదిలి వెళ్లాడని డైరీలో రాసుకుంది. ఇంటి ఖర్చులు రాసిన లెక్కల పుస్తకంలోనే బొమ్మల అమ్మకాలూ రాసింది. ఊరూరా ప్రదర్శనలకు పంపింది. మంచివి కొన్ని అమ్మకుండా దాచింది. 1905లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నాలుగువందలకు పైగా బొమ్మలతో పెద్ద ప్రదర్శన పెట్టించింది. 1914లో అన్నదమ్ముల ఉత్తరాలు అచ్చు వేయించింది. లండన్ నేషనల్ గ్యాలరీ వాళ్లు 'పొద్దుతిరుగుడు పూలు' అడిగితే మొదట ఇవ్వనంది. రోజూ కళ్లెదుట చూసుకున్న బొమ్మ అది. చివరికి విన్సెంట్ పేరు కోసమని 1924లో ఒప్పుకుంది. ఆ మరుసటి ఏడు చనిపోయేదాకా ఆ ఉత్తరాల్ని ఇంగ్లీషులోకి అనువదిస్తూనే ఉంది. మిగిలిన బొమ్మల్ని ఆమె కొడుకు చెల్లాచెదురు కానివ్వలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1973లో తెరిచిన వాన్ గో మ్యూజియంలో ఇప్పుడు ఉన్నవి ప్రధానంగా అవే.