పచ్చనివీ పచ్చివీ

ఆకుపచ్చ కట్టడాల, అంటే పర్యావరణానికి మేలని అమ్మే గ్రీన్ బిల్డింగుల, వ్యాపారానికి తెలుగు చేసిన సాయం మరే భాషా చేసి ఉండదు. ఆకు రంగూ పచ్చే, పసుపు రంగూ పచ్చే. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత ముందే ఉంది కాబట్టి కొనేవాళ్లకు కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. ఇక పచ్చకీ పచ్చికీ తేడా ఒక్క గుడి. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఆ గుడి దగ్గరే పొరబడుతున్నారు. పచ్చని అబద్ధం చెప్పాల్సిన చోట పచ్చి అబద్ధం చెప్పి దొరికిపోతున్నారు. వాళ్ల క్షేమం కోరి ఈ నాలుగు మాటలు.

ముందు దిక్కుల సంగతి. వేడి ప్రాంతంలో పొడుగు గోడలను ఉత్తర దక్షిణాలకు తిప్పి, పడమటి కిటికీలు తగ్గిస్తే ఏసీ పని మొదట్లోనే తగ్గిపోతుంది. మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నెత్తి మీద ఉంటాడు, చిన్న సజ్జా చాలు ఆపడానికి. సాయంత్రపు సూర్యుడు కిందికి దిగి నేరుగా గదిలోకి తొంగి చూస్తాడు, అతనికి సజ్జా అడ్డం రాదు. నిలువు రెక్కలో, చెట్లో కావాలి. ఇదంతా కాగితం మీద గీత మార్చడంతో అయిపోయే పని. దాని లోపమూ అదే. ఖర్చు లేని పనికి కమిషన్ ఉండదు. కాబట్టి పడమటి గోడ మొత్తం గాజు పెట్టండి. సూర్యాస్తమయం అమ్ముడుపోతుంది, తర్వాత ఆ సూర్యాస్తమయాన్ని ఆపే గాజూ అమ్ముడుపోతుంది.

గాజు అమ్మేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. యూ విలువ అంటే ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరులోంచి ఎన్ని వాట్ల వేడి దాటుతుందనే లెక్క. మామూలు ఒంటి గాజుకు అది 5.7 దాకా ఉంటుంది, మధ్యలో గాలి ఉన్న జంట గాజుకు 2.8, వేడిని వెనక్కి తిప్పే లో-ఈ అనే సన్నని పూత కూడా ఉంటే 1.8 ప్రాంతం. ఇన్సులేషన్ సరిగ్గా పెట్టిన గోడకు మాత్రం 0.4. పోలిక ఎప్పుడూ ఒంటి గాజుతోనే పెట్టాలి, పొరపాటున కూడా గోడతో పెట్టకూడదు. పైగా యూ విలువ గాలి వేడి సంగతే చెబుతుంది, నేరుగా పడే ఎండ లెక్క వేరు. దాన్ని ఆపడానికి ముదురు గాజు వేస్తే వెలుతురూ ఆగిపోయి పట్టపగలు దీపాలు వేసుకోవాలి. అవి ఎల్‌ఈడీలే కాబట్టి వాటినీ ఆదా పద్దులోనే రాసుకోవచ్చు.

ఇక కాంక్రీటు. ప్రపంచంలో మనుషులు వదిలే బొగ్గుపులుసు వాయువులో 7–8 శాతం సిమెంటుదే. సున్నపురాయిని కాల్చి చేసే క్లింకర్‌కు, అంటే పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలకు, 1450 డిగ్రీల దాకా వేడి కావాలి. అందుకు మండించే ఇంధనం వదిలే వాయువు ఒక వాటా అయితే, కాలే సున్నపురాయి తనలోంచి వదిలేది అంతకన్నా పెద్ద వాటా. అంటే బట్టీని ఏ పవిత్రమైన మంటతో వెలిగించినా సగానికి పైగా అక్కడే ఉంటుంది. అందుకే సిమెంటులో పాతిక ముప్పై శాతం తీసేసి ఫ్లై యాష్, అంటే బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద, కలపడం నిజంగానే మంచి పని. బలం నిదానంగా వస్తుంది కానీ చివరికి వస్తుంది. చిక్కల్లా ఆ నిదానంతోనే. నీళ్లతో తడిపి ఉంచే క్యూరింగ్ 7 రోజులు చాలనుకునే చోట 10 నుంచి 14 రోజులు కావాలి, సెంట్రింగ్ ఇంకొన్నాళ్లు ఉంచాలి. మిశ్రమం మారుస్తాం, షెడ్యూలు మార్చం. పచ్చిగా ఉండగానే పలకలు ఊడదీసి, నాలుగో రోజుకు గోనెపట్టాలు ఎండబెట్టి, పై పొర పిండిలా లేచిపోతే తప్పు బూడిద మీద పెడతాం. బూడిదలో పోసిన పన్నీరు అంటారు గానీ, ఇక్కడ పోయమన్నది పన్నీరు కాదు, మామూలు నీళ్లే.

అసలైన ఆకుపచ్చ ఇటుక పచ్చి ఇటుకే, కాల్చనిది. మట్టిలో 5 నుంచి 8 శాతం సిమెంటు కలిపి ప్రెస్సులో నొక్కే దిమ్మె. దీనికి కావాల్సిన పరీక్షల కోసం ప్రయోగశాల అక్కర్లేకపోవడం వల్లే దీన్ని ఎవరూ గౌరవించరు. పైమట్టి, వేళ్లు తీసేసి, గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి కదపకుండా పెట్టాలి. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, దాని మీద ఒండ్రు, చివరగా బంకమన్ను పేరుకోవడానికి రోజు పట్టొచ్చు. ఇసుక సగానికి పైన, బంక పదీ ఇరవై శాతం మధ్య ఉంటే దిమ్మె కుదురుతుంది. బంక ఎక్కువైతే ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగులుతుంది, ఇసుక కలపాలి. తక్కువైతే ప్రెస్సులోంచి తీస్తుండగానే అంచులు రాలతాయి. తడి సంగతికి ఒక ముద్ద చేసి ఛాతీ ఎత్తు నుంచి వదిలితే చాలు. నాలుగైదు ముక్కలైతే సరిపోయినట్టు, పొడైతే నీళ్లు తక్కువ, చపాతీలా అతుక్కుంటే ఎక్కువ. సిమెంటు కలిపాక గంటలోపే నొక్కెయ్యాలి. తర్వాత మూడు నాలుగు వారాలు తడి ఆరకుండా కప్పి ఉంచాలి.

ఇంత ఓపిక ఉన్నవాళ్లకు వ్యాపారం దేనికి? పునాది గోతిలో వచ్చిన మట్టిని వచ్చినట్టే వాడి, భయం పోవడానికి సిమెంటు 15 శాతానికి పెంచండి. దిమ్మెలో మట్టి సాక్షిగా మిగిలితే చాలు. ఆపైన వానకు తడుస్తుందన్న బెంగతో సిమెంటు ప్లాస్టరింగ్ చెయ్యండి. గోడలోకి చేరిన తడి బయటికి పోలేక ఆ ప్లాస్టరింగ్‌నే పెచ్చులుగా నెడుతుంది, అది తర్వాతి సంగతి. చివరగా దాని మీద మట్టి రంగు వెయ్యండి. సందర్శకులు చెయ్యిపెట్టి తడిమి చూసేది దాన్నే.

వెదురుకూ ఇదే పద్ధతి. మూడేళ్లు నిండని పచ్చి వెదురులో బలం తక్కువ. ఏ వెదురులోనైనా పిండిపదార్థం ఉన్నంతకాలం పురుగుకు విందే. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెట్టాలి. అదీ వానకు కడుక్కుపోతుంది కాబట్టి పైన చూరు, కింద రాతి దిమ్మె ఉండాలి. నేలలో నేరుగా పాతితే ఫొటో మాత్రం అద్భుతంగా వస్తుంది, అందుకే ఫొటోలు మొదటి వారంలోనే తీయించాలి. పురుగు తొలిచిన సన్నని పిండి రాలడం మొదలయ్యాక దాని పేరు ప్రకృతితో సహజీవనం.

ఇప్పుడు మార్కుల దగ్గరికి వద్దాం. కట్టడం ఎంత ఆకుపచ్చో మార్కులేసి తేల్చే పరీక్ష ఇది, 1990లో బ్రిటన్ బ్రీయమ్ పేరుతో మొదలుపెట్టింది, ఆ దశాబ్దం చివర్లో అమెరికా లీడ్ అనే మరో పరీక్ష తెచ్చింది. లీడ్‌లో 110కి 80 వస్తే ప్లాటినం. అన్ని మార్కులూ ఒకేలా కష్టం కావు. మామూలుగా బట్టీపట్టే విద్యార్థికి తెలిసిన ఈ రహస్యం సలహాదారుకు తెలియకపోతే ఎలా? సైకిల్ స్టాండు పెట్టడం సులువు, సైకిల్ మీద రావడం కష్టం, మార్కు స్టాండుకే. స్థానిక సామగ్రి అన్న మాటకూ ఇలాంటి వెసులుబాటు ఉండేది. లీడ్ 2009 నాటి కూర్పులో 500 మైళ్ల లోపు తీసి తయారుచేసిందంతా స్థానికమే. తర్వాతి కూర్పులో అది 100 మైళ్లకు తగ్గింది. చూస్తుండగానే 400 మైళ్ల మేర చుట్టాలు పరాయివాళ్లైపోయారు.

ప్లాటినం ఫలకం గోడకు బిగించాక చేయకూడని పని ఒకటే: మీటరు చూడటం. కట్టకముందు వేసిన నమూనా లెక్కలో కరెంటు తగ్గింది కదా, నిజంగా ఎంత తగ్గిందన్న కుతూహలం దేనికి? చూస్తే కనిపించేవి ఇవీ. టెస్టింగ్ కోసమని ఏసీని 24 గంటలూ నడిచేలా పెట్టినవాళ్లు టైమరు సరిచేయకుండానే వెళ్లిపోయి ఉంటారు. బయటి గాలి వచ్చే దారికి మూతలాంటి డ్యాంపరు తెరుచుకుని బిగుసుకుపోతే తీగ వేసి కట్టి ఉంటారు. మనిషి కదలకపోతే దీపం ఆర్పే సెన్సరు సమావేశంలో కూర్చున్నవాళ్లను చీకట్లో పెట్టిందని దాని మీద టేపు అంటించి ఉంటారు. వాననీటి ఏర్పాటూ అంతే. 100 చదరపు మీటర్ల కప్పు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 2000 లీటర్లు, పోయింది పోగా 1600 చేతికొస్తాయి. మొదటి మిల్లీమీటరు, అంటే 100 లీటర్లు, కప్పు మీది దుమ్మూ రెట్టా మోసుకొస్తుంది కాబట్టి దాన్ని పక్కనున్న గొట్టంలోకి మళ్లించి, ప్రతి వానకూ వాల్వు తిప్పి ఆ గొట్టం ఖాళీ చేయాలి. ఆ వాల్వు ఎక్కడుందో చెప్పే కాగితం ప్లాటినం ఫైల్లో భద్రంగా ఉంటుంది.

చిన్న వ్యాపారులు నిరాశపడనక్కర్లేదు. తువ్వాళ్లు మళ్లీ వాడి భూమిని కాపాడండని హోటళ్లు పెట్టిన చీటీలు చూసే 1986లో జే వెస్టర్వెల్డ్ అనే అమెరికా పర్యావరణవేత్త, పచ్చదనం పేరుతో చేసే మోసానికి, గ్రీన్‌వాషింగ్ అన్న మాట పుట్టించాడు. చీటీ ఖర్చు నేటికీ పెరగలేదు. మట్టిలో కలిసిపోయే పీఎల్‌ఏ, అంటే మొక్కల చక్కెరల నుంచి చేసే ప్లాస్టిక్, కప్పు పెట్టండి. అది కలవాలంటే 60 డిగ్రీల దాకా వేడెక్కే కంపోస్టు కర్మాగారం కావాలని కప్పు మీద రాయడానికి చోటు చాలదు. నూలు సంచి పంచండి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018 లెక్కలో, ప్లాస్టిక్ సంచి కన్నా మేలనిపించుకోవాలంటే నూలు సంచిని వాతావరణం వరకే చూస్తే 52 సార్లు, అన్ని కొలమానాలూ కలిపితే 7100 సార్లు వాడాలి. రోజుకోసారి చొప్పున పంతొమ్మిదేళ్లు దాటుతుంది. అందుకని సంచి మీద ఈ ఏటి వేడుక తేదీ మాత్రం వేయించకండి.

ఇన్ని చెప్పినా ఒక ప్రమాదం మిగిలే ఉంది. ఎప్పుడో ఒక యజమాని వచ్చి, పాత భవనం పునాదులూ స్తంభాలూ గట్టిగానే ఉన్నాయి, కూల్చకుండా కప్పు మీద తెల్లరంగు, కిటికీలకు నీడ, కరెంటు తీగల మరమ్మతు చేయించుకుంటే చాలదా అని అడుగుతాడు. కొత్త కాంక్రీటు ఒక్క తట్ట కూడా పడదు, ప్రారంభోత్సవం ఉండదు, ఫొటో ఉండదు. అలాంటివాడి దగ్గర సలహా రుసుము ముందే తీసుకోండి.