బాతు చావదు, కుక్క నవ్వు ఆపదు

నేలపట్టులో గూడబాతులకు అటవీ శాఖ ఇచ్చే రక్షణ గొప్పదే, కాదనను. దాన్ని తలదన్నే రక్షణ మాత్రం ఇప్పుడు నెల్లూరు, కావలి, ఒంగోలు ఇళ్లల్లో హాలు గోడకు వేలాడుతోంది. 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ. అందులో వీడియో గేము పెట్టి, ఎగిరే బాతును ప్లాస్టిక్ తుపాకీతో కూల్చే మొనగాడు ఈ రెండు జిల్లాల్లో ఇంకా పుట్టలేదు. పుట్టడు కూడా. ఎందుకు పుట్టడో చెప్పేముందు ఆ తుపాకీ ఇంట్లోకి ఎలా వచ్చిందో చూడాలి.

నెల్లూరు రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో కోరికకో రొట్టె మార్చుకుంటారు. చదువు రొట్టె ఉంది, ఉద్యోగ రొట్టె ఉంది, పెళ్లి రొట్టె ఉంది, సొంతింటి రొట్టె కూడా ఉంది. బాల్యం రొట్టె ఒక్కటే లేదు. ఆ లోటును మన ఎలక్ట్రానిక్స్ కొట్లవాళ్లు ఎప్పుడో పసిగట్టారు. అట్టపెట్టె మీద మారియో బొమ్మ, దాని కింద ‘మీ బాల్యం మళ్లీ మీ చేతుల్లోకి’ అన్న ముక్క, లోపల రెండు రిమోట్లు, ఒక క్యాసెట్టు, ఒక నారింజ రంగు తుపాకీ. గేము అడిగినవాడు రెండుసార్లు ఆలోచిస్తాడేమో గానీ, తుపాకీ చూసినవాడు బేరం కూడా ఆడడు. నలభై దాటిన మగాళ్ల బలహీనత కొట్టువాడికి తెలిసినంత బాగా డాక్టరుకు తెలియదు.

ఇక ఆదివారం మధ్యాహ్నం. చేపల పులుసు అయింది. ఇంటాయన సోఫా వెనక్కి జరిపి, చొక్కా చేతులు మడిచి, ‘డక్ హంట్’ అనే బాతుల వేట గేము పెట్టాడు. గడ్డిలోంచి కుక్క దూకింది, బాతు లేచింది, ఈయన కాల్చాడు. బాతు దాని దారిన అది పోయింది. కుక్క గడ్డిలోంచి తల పైకెత్తి, మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంటాయన కొట్టుకు ఫోన్ చేశాడు.

“బాతు పడటంలేదే అబ్బయా?”

“ఎంత దూరంలో ఉండావన్నా?”

“ఎనిమిదడుగులు.”

“దగ్గరకు జరగన్నా.”

“జరిగినా. మూడడుగులు.”

“లైటాపు.”

“ఆపినా.”

“కిటికీలు?”

“మూసినా.”

“ఫ్యాను?”

“ఫ్యానెందుకు ఆపాల?”

“ఆపి చూడన్నా, కొన్ని టీవీలకు అట్టే ఉంటాది.”

మే నెల నెల్లూరులో ఫ్యానాపి, కిటికీలు మూసి, చీకట్లో చెమటలు కక్కుతూ, తుపాకీ గొట్టం టీవీ అద్దానికి ఆనించి, బాతు కడుపులోనే పెట్టి కాల్చాడు. పడలేదు. ఒక్కో బాతుకు 3 తూటాలు, ఒక్కో రౌండుకు 10 బాతులు. ముప్పై తూటాలు అయిపోయాయి, బాతులు సున్నా. తర్వాతి రౌండుకు పోవాలంటే కనీసం 6 పడాలి. “నాన్నా, కుక్క మళ్లీ నవ్వతా ఉండాది” అని పిల్లాడు లైవు కామెంటరీ ఇస్తున్నాడు. “పోనీ ఆ కుక్కనన్నా కాల్చు నాయనా” అంది వంటింట్లోంచి అత్తగారు. కుక్కకు తూటా తగలదమ్మా. ఇంట్లో ఆడుకునే గేములో ఆ ఏర్పాటు లేదు.

సైన్సు ఇదిగో. ఆ తుపాకీలోంచి ఏదీ బయటికి పోదు. దానికి ఉన్నది కన్ను, తూటా కాదు. మీట నొక్కగానే గేము ఒక్క క్షణం తెరంతా నల్లగా చేస్తుంది, వెంటనే బాతు ఉన్నచోట తెల్ల పెట్టె ఒకటి వేస్తుంది. నలుపు తర్వాత తెలుపు కనబడిందా అని గొట్టంలోని సెన్సరును అడుగుతుంది. కనబడితే బాతు పడ్డట్టు. రెండు బాతులుంటే రెండు పెట్టెలు, ఒకదాని తర్వాత ఒకటి. ఇదంతా సెకనులో చిన్న ముక్కలో జరిగిపోతుంది. పాత పెట్టె టీవీ వచ్చిన సిగ్నల్‌ను వచ్చినట్టే తెర మీద గీసేది. ఎల్‌ఈడీ టీవీ అలా కాదు. వచ్చిన బొమ్మను లోపల దాచుకుని, పెద్దది చేసి, నునుపు చేసి, తీరిగ్గా చూపిస్తుంది. తెల్ల పెట్టె తెర మీదకు వచ్చేసరికి పరీక్ష అయిపోయి, పేపర్లు దిద్దేసి, బాతు పాసైపోయి ఉంటుంది.

పోనీ ఆలస్యమే లేని టీవీ కొన్నా పని జరగదు. పెట్టె టీవీ తెర మీద గీతలు సెకనుకు పదిహేను వేల చిల్లర సార్లు గీస్తుంది. ఆ మినుకును మాత్రమే పట్టుకునేలా అసలు తుపాకీలోని సర్క్యూట్ కట్టారు. బల్బు వైపు గురిపెట్టి మోసం చేసేవాళ్లకు విరుగుడుగా. ఎల్‌ఈడీలో ఆ మినుకు లేదు. కాబట్టి సెట్టింగులు మార్చినా, ఫ్యానాపినా, ఇల్లు మారినా, బాతు చావదు. ఈ సంగతి గేము పెట్టె తయారుచేసినవాడికి తెలుసు, టోకున తెచ్చినవాడికి తెలుసు, కొట్లో కూర్చున్నవాడికి మూడో ఫోన్ కాల్‌కే తెలిసిపోయింది. అయినా ప్రతి పెట్టెలో తుపాకీ వస్తూనే ఉంది.

బాతును చంపగలిగిన ఏకైక యంత్రం, హాలు మూలన ఒంగోలు గిత్తలా కదలకుండా కూర్చున్న ఆ పెట్టె టీవీని, మనమే పాత సామాన్ల బండికి ఎత్తాం. ఎక్కడైనా ఒకటి దొరికితే సంతోషమే. వెనక మూత మాత్రం విప్పకండి. పిక్చర్ ట్యూబులో ఇరవై వేల వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కొంత నిలవ ఉంటుంది.

తుపాకీ పక్కన పెడితే, క్యాసెట్టు మీది అంకె ఇంకో పురాణం. ‘99,99,999 గేములు’. ఈ పెట్టెలన్నీ నకలు కొట్టిన, జపాన్‌లో 1983 జూలైలో వచ్చిన అసలు యంత్రం ఫ్యామికామ్‌కు, దాని ఆయుష్షంతా కలిపి లైసెన్సుతో వచ్చిన క్యాసెట్లే వెయ్యికి కాస్త పైన. ఒక్కో గేముకు ఒక్క నిమిషం చొప్పున ఇచ్చినా ఈ క్యాసెట్టు అయ్యేసరికి, నిద్రాహారాలు లేకుండా, 19 ఏళ్లు పడుతుంది. అంత భయం అక్కర్లేదు. లోపల ఉండేది పదో ఇరవయ్యో. మిగతావన్నీ అవే, వేరే పేర్లతో. మెనూలో ఒక వరుస నొక్కితే మారియో మొదటి స్టేజి నుంచి, ఇంకో వరుస నొక్కితే అదే మారియో నాలుగో స్టేజి నుంచి. మెనూ ప్రోగ్రాం మెమొరీలో ఒక అంకె మార్చి వదులుతుంది, అంతే. ఓటర్ల జాబితాలో ఒకే మనిషి నాలుగు డోర్ నంబర్లలో ఉన్నట్టు.

ఇప్పుడు టీవీ వెనక గుచ్చే గేమ్ స్టిక్‌లు వచ్చాయి. వాటి మీద ‘4కే’ అని బంగారు అక్షరాలు. 1985 నాటి మారియో బొమ్మ అడ్డం 256 చుక్కలు, నిలువు 240, మొత్తం 61,440. 4కే తెర మీద 82,94,400. అంటే ఒక్కో చుక్కను 135 చుక్కలుగా సాగదీయడమే ఇక్కడ జరిగిన అభివృద్ధి. పులుసు పల్చన చేసి పదిమందికి వడ్డించడం మనకు తెలియని విద్య కాదు, దానికి 4కే అని పేరు పెట్టలేదంతే.

సాగదీయడం అంటే గుర్తొచ్చింది. మారియోకి పొట్ట వచ్చిందని చాలామంది బాధ. తనూ మనలాగే అయిపోయాడని కొందరికి ఆనందం. రెండూ తప్పే. ఆ బొమ్మ 4:3 తెరకు గీసింది, మీ టీవీ దాన్ని 16:9కి లాగింది. రిమోట్‌లో పిక్చర్ సైజు 4:3కి మార్చండి, పొట్ట పోతుంది. మీది పోదు. అక్కడే ‘గేమ్ మోడ్’ ఉంటే అదీ ఆన్ చెయ్యండి, దూకడం కాస్త చేతికి అందుతుంది. మూడు రంగుల పిన్నులకు బదులు టీవీలో సన్న ఏవీ రంధ్రం ఒక్కటే ఉంటే మధ్యలో వైరు ఒకటి కొనాలి. ఆ వైర్లలో లోపలి వరస అందరిదీ ఒకటి కాదు. తెర నల్లగా ఉండి స్పీకరు గుర్రుమంటుంటే గేము పాడైనట్టు కాదు. పసుపు పిన్ను పీకి దాని జాగాలో ఎర్రదాన్ని, తర్వాత తెల్లదాన్ని పెట్టి చూడండి. ఏదో ఒకదానికి బొమ్మ వస్తుంది.

వయసైపోయిందని మొదటి గుంటలోనే ఏడ్చేవాళ్లకు ఒక ఊరట. మన దేశంలో పెట్టె టీవీలది పాల్ పద్ధతి, తెర మీద బొమ్మ సెకనుకు 50 సార్లు మారేది. చిన్నప్పుడు ఇక్కడ అమ్మిన నకలు యంత్రాలు ఎక్కువగా ఆ లెక్కనే నడిచేవి. గేము రాసింది మాత్రం 60 లెక్కకు. మారియోలో టైము ఒక అంకె తగ్గడానికి 24 ఫ్రేములు, అంటే బొమ్మ 24 సార్లు మారేంతసేపు, పడుతుంది. అసలు వేగంలో 400 టైము అంటే 2 నిమిషాల 40 సెకన్లు. మన 50 లెక్కలో అదే 400కి 3 నిమిషాల 12 సెకన్లు. పాట కూడా ఎడ్లబండి నడకే. కొత్త స్టిక్‌లు చాలావరకు 60 మీదే పరిగెడతాయి. అంటే మీ చిన్ననాటి మారియో కంటే ఇది ఐదో వంతు ఎక్కువ వేగం. మీ వేళ్లు మొద్దుబారలేదు. సరే, మొద్దుబారాయి, కానీ గుంటలో పడ్డ పాపం మొత్తం వాటిది కాదు.

అన్నేళ్లు ఆడీ ఎవరికీ తెలియని ముక్క ఇంకోటి. మారియో ఏడో ప్రపంచంలో లైఫులన్నీ అయిపోయి గేమ్ ఓవర్ పడిందా? ఆఫ్ చెయ్యొద్దు. టైటిల్ రాగానే ‘ఏ’ నొక్కి పట్టుకుని స్టార్ట్ కొట్టండి, అదే ప్రపంచం మొదటి స్టేజి నుంచి మొదలవుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఎన్ని వేసవి సెలవులు మొదటి ప్రపంచంలోనే తెల్లారిపోయాయో! కాంట్రా గేములో 30 లైఫులు ఇచ్చే మీటల వరస మాత్రం అందరికీ నోటికొచ్చు: పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ. ఎక్కాలు మరిచిపోయినవాడు కూడా ఇది మరిచిపోలేదు. ఇద్దరు ఆడాలంటే స్టార్ట్‌కు ముందు సెలెక్ట్. మూడో స్టేజి జలపాతం దగ్గర మాత్రం బామ్మర్దిని కింద వదిలేసి పైకి ఎక్కకండి. తెర మీతోపాటు పైకి వచ్చేస్తుంది, తెర కింద మిగిలినవాడు చస్తాడు. ఆ చావు సంక్రాంతి దాకా వినాలి.

అటక మీది పాత యంత్రమే దించినవాళ్లు క్యాసెట్లో ‘ఉఫ్’మని ఊదకండి. ఊపిరిలోని తేమే ఆ రాగి పళ్లను తింటుంది. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి ఇప్పటికే సగం తినేసింది. దూదిపుల్లకు ఐసోప్రొపిల్ ఆల్కహాల్ అద్ది ముందువైపు 30, వెనకవైపు 30 పళ్లూ తుడిచి, ఆరాక పెట్టండి. పచ్చదనం పోకపోతే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా. అడాప్టరు పోయి ఉంటే, దొరికిన 9 వోల్టులది తెచ్చి గుచ్చొద్దు. ప్లస్సు లోపలా బయటా అన్న గుర్తు యంత్రం మీదా, అడాప్టరు మీదా ఒకేలా ఉండాలి. తిరగబడితే బాల్యం పొగై పోతుంది.

ఇంతవరకు మోసపోయింది పెద్దవాళ్లు. పోనివ్వండి, వాళ్లకు కావాల్సిందే. చేతిలో పట్టుకుని ఆడే ‘400 గేముల’ పెట్టె సంగతి వేరు, అది పిల్లల చేతికి పోతోంది. వెనక మూత తీస్తే పాత నోకియా ఫోన్ల బీఎల్-5సి సైజు బ్యాటరీ ఉంటుంది. చాలావాటి మీద కంపెనీ పేరుండదు, నంబరుండదు, రక్షణ సర్క్యూట్ ఉందో లేదో దేవుడికి తెలియాలి. మన దేశంలో వీడియో గేములకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 2012 ఉత్తర్వులోని మొదటి జాబితాలోనే పెట్టారు. అడాప్టర్లు, బ్యాటరీ సెల్లులు తర్వాత చేరాయి. ‘ఆర్’ అక్షరం, పక్కన ఎనిమిది అంకెలు ఉండాలి. ఏ కొట్లోనైనా పెట్టె తిప్పి వెతకండి. మారియో మీసం కనిపిస్తుంది, ఆ ఎనిమిది అంకెలు చాలావాటి మీద కనిపించవు. రోహిణి కార్తెలో, రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టి, పొద్దున్నే పిల్లాడు మొహానికి జానెడు దూరంలో పట్టుకుని ఆడే వస్తువు ఇది! సిగ్గుండొద్దా? గేము దొంగిలించండి, అంకె అబద్ధం చెప్పండి, బాతును చావనివ్వకండి, మీ ఇష్టం. లిథియంతో పిల్లల దగ్గర ఆటలేందిరా? ఆ సెల్లు మీ ఇంట్లో పిల్లాడి దిండు కింద పెట్టి ఒక్క రాత్రి పడుకోండి, తర్వాత అమ్ముకోండి.

ఇప్పటికే కొన్నవాళ్లు ఈ రాత్రే బ్యాటరీ బయటికి తీసి బల్ల మీద పెట్టి తిప్పండి. బొంగరంలా తిరిగితే పొట్ట ఉబ్బినట్టే. గుచ్చొద్దు, నొక్కొద్దు, మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు, చెత్తబుట్టలో వెయ్యొద్దు. ఇ-వేస్టు తీసుకునేవాళ్లకు ఇవ్వండి. పెట్టె తిరిగి ఇవ్వడానికి పోతే కొట్లో జవాబు సిద్ధంగా ఉంటుంది: “బ్యాటరీకి వారంటీ లేదన్నా.” మరి తుపాకీకి? “గన్ను ఫ్రీగా ఇచ్చినాం గదన్నా, ఫ్రీ వస్తువుకు రిటర్నేంది?”

అక్కడ హాల్లో ఫ్యాను మళ్లీ తిరుగుతోంది. ఇంటాయన పక్కకు ఒరిగి, ఒంటికన్ను మూసి, ఇంకా కాలుస్తూనే ఉన్నాడు. ఒక బాతు ఆటలో రెండో రిమోట్‌తో ఆ బాతును ఎటు కావాలంటే అటు ఎగరేయొచ్చని పిల్లాడు కనిపెట్టేశాడు. చావని బాతును తెరంతా తిప్పుతూ, వాళ్ల నాన్న గురి పెట్టిన వైపే తీసుకెళ్తున్నాడు.