ఒక్క మాట చెప్పి పెట్టేస్తా

బండి నడుపుతూ ఫోన్ మాట్లాడే విషయంలో ప్రభుత్వం అనవసరంగా తలదూరుస్తోందని మా బావ బాధ. బావది గుంటూరు, బ్రాడీపేట. రోజూ పొద్దున్నే బండి తీసి, మంగళగిరి మీదుగా వారధి దాటి బెజవాడ వచ్చి, గవర్నర్‌పేటలో షాపు తెరుస్తాడు. రాత్రికి మళ్ళీ గుంటూరు. రానూపోనూ డెబ్బై కిలోమీటర్లు. షాపులో కూర్చుని చేసే వ్యాపారం కంటే ఈ డెబ్బై కిలోమీటర్లలో చేసే వ్యాపారమే ఎక్కువ. అలాంటి మనిషిని ఫోన్ జేబులో పెట్టుకోమంటే కుదురుతుందా?

"బాధ్యత అనేది లోపల్నుంచి రావాలయ్యా. పైనుంచి రుద్దితే వచ్చేది బాధ్యత కాదు, చలానా" అంటాడు బావ. ఈ మాట ఆయన నాతో ఫోన్‌లోనే అన్నాడు, మంగళగిరి దాటుతూ. పక్కన లారీ హారన్ కొట్టడం వల్ల చివరి ముక్క రెండోసారి చెప్పించుకున్నాను.

ఆలోచించిన కొద్దీ నాకూ బావ పక్షమే న్యాయంగా కనిపించింది. ఎందుకంటే ఆయన బాధ్యత లేని మనిషి కాదు. ఫోన్ విషయంలో ఆయనకి సొంత రూల్స్ ఉన్నాయి. తెలియని నంబరైతే ఎత్తడు. లోన్ కావాలా అని అడిగే అమ్మాయిదైతే అసలే ఎత్తడు. హోల్‌సేల్ వాళ్ళదైతే వారధి మీద ఎత్తడు, కృష్ణ గాలికి రేటు సరిగ్గా వినపడదు కాబట్టి. అక్క దగ్గర్నుంచి వస్తే మాత్రం ఎక్కడున్నా, ఎంత స్పీడులో ఉన్నా మొదటి రింగుకే. ఎత్తకపోతే ఏమైందో ఏమోనని అక్క కంగారు పడుతుంది. మూడు మిస్డ్ కాల్స్ దాటాయంటే షాపు కుర్రాడికి, వాడి తర్వాత నాకు, ఆ తర్వాత తెనాలిలో ఉన్న బావ వాళ్ళ అమ్మగారికి ఫోన్లు వెళ్ళిపోతాయి. ఇంతమందిని టెన్షన్ పెట్టడం కంటే ఒక చెయ్యి హ్యాండిల్ మీద నుంచి తీయడమే మేలని బావ తీర్మానం. బాధ్యత తెలియనివాడైతే ఫోన్ సైలెంట్‌లో పడేసి హాయిగా రోడ్డు చూసుకుంటూ పోయేవాడు.

ఇక ఎత్తిన తర్వాత జరిగే సంభాషణ మన ఇళ్ళలో అందరికీ నోటికి వచ్చిందే.

"ఎక్కడున్నారు?"

"బండి మీదున్నా."

"అయ్యో, అయితే జాగ్రత్త. తర్వాత చేస్తాలెండి. ఒక్క మాట చెప్పి పెట్టేస్తా."

ఒక్క మాట అంటే మా అక్క లెక్కలో ఎప్పుడూ ఆరేడు నిమిషాలకు తగ్గదు. అందులో గ్యాస్ బుకింగ్ ఉంటుంది, పిల్లాడి ఫీజు ఉంటుంది, పక్కింటివాళ్ళ పెళ్ళికి చదివింపులు ఎంత రాయాలనే చర్చ ఉంటుంది. చివర్లో మళ్ళీ "జాగ్రత్తగా వెళ్ళండి" ఉంటుంది. మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి, రెండు జాగ్రత్తలు చెప్పిన మనిషిని బాధ్యత లేదని ఎవరనగలరు?

చట్టం సంగతికి వద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. ఆ సెప్టెంబరు 1 నుంచి 184వ సెక్షన్‌లో ప్రమాదకర డ్రైవింగ్ అంటే ఏమిటో విడమరిచి ఉంది. ఎర్ర లైటు దాటిపోవడం, రాంగ్ రూట్‌లో పోవడం లాంటి వాటి సరసన, బండి నడుపుతూ చేతిలో పట్టుకునే ఫోన్ వాడటాన్నీ చేర్చారు. మొదటిసారికి ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ.

బావ ఇదంతా చదివి 'చేతిలో పట్టుకునే' అన్న చోట ఆగిపోయాడు. "నేను చేత్తో పట్టుకుంటున్నానా?" అని అడిగాడు.

న్యాయంగా చెప్పాలంటే, లేదు. బావ ఫోన్‌ని హెల్మెట్ పట్టుకుంటుంది. రింగు వినపడగానే ఎడమ చేత్తో జేబులోంచి తీసి, కింద అంచు దగ్గర్నుంచి బొటనవేలితో పైకి నెడతాడు. స్పీకర్ సరిగ్గా చెవి దగ్గర ఆగాలి. ఎక్కువ నెడితే కణతకి గుచ్చుకుంటుంది, తక్కువ నెడితే గతుకుల్లో జారి పడుతుంది. హెల్మెట్ లోపల ఆ వైపు మెత్త అరిగిపోయి, ఫోన్ వెడల్పుకి ఒక గాడి పడింది. సాయంత్రం షాపుకి వెళ్ళి చూస్తే బావ ఎడమ చెంప మీద నిలువుగా గీత కనిపిస్తుంది. తల కోసం హెల్మెట్ పెట్టుకోమని ఇంట్లోవాళ్ళు, పోలీసులు, కోర్టులు ఎన్నేళ్ళు మొత్తుకున్నా వినని మనిషి, ఫోన్ కోసం తనంతట తానే కొనుక్కుని పెట్టుకున్నాడు. సొంత బాధ్యత అంటే ఇదీ. అక్క వెనక కూర్చున్న రోజుల్లో ఆ గాడి అవసరం కూడా ఉండదు. ఆవిడే ఒక చేత్తో బావ భుజం, ఇంకో చేత్తో బావ చెవి దగ్గర ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. చట్ట ప్రకారం ఫోన్ పట్టుకున్నది బండి నడపని మనిషి.

2020 అక్టోబరు నుంచి ఇంకో వెసులుబాటు వచ్చింది. దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడుకోవచ్చు, అదీ నడిపేవాడి ధ్యాస చెదరకుండా. బావ ఆ దారిలో పాతికేళ్ళుగా తిరుగుతున్నాడు. కళ్ళకి గంతలు కట్టినా కాజ టోల్‌గేటు ఎప్పుడొస్తుందో చెబుతాడు. అయినా ఆ రోజు నుంచి మ్యాప్ ఆన్ చేసే ఉంచుతున్నాడు. ఆ మ్యాప్ మీదకి వాట్సాప్ మెసేజ్ తనంతట తాను వచ్చి వాలితే, కళ్ళున్న మనిషి చూడకుండా ఎలా ఉంటాడు?

నేను ఊరుకోలేక కొన్ని లెక్కలు చెప్పాను. గంటకి నలభై కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. ఒక మెసేజ్ చదవడానికి అయిదు సెకన్లు పట్టిందనుకుంటే 55 మీటర్లు. అంటే అయిదు సిటీ బస్సుల్ని వరసగా నిలబెట్టినంత దూరం, రోడ్డు మీద చూపు లేకుండా. బావ కాసేపు ఆలోచించి, "అయిదు సెకన్లు ఎందుకు పడుతుంది? నేను స్పీడుగా చదువుతా" అన్నాడు.

పోనీ అని 2022 లెక్క తీశాను. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం ఆ ఏడాది దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో ఫోన్ వాడకం ఖాతాలో రాసింది 3,395. బావ ముఖం వెలిగిపోయింది. "నూటికి రెండు! చూశావా, మిగతా తొంభై ఎనిమిది మందిని వదిలేసి నా వెంట పడ్డారు." నిజమే. కానీ ఆ ఖాతా ఎలా నిండుతుందో కూడా చూడాలి కదా. రోడ్డు మీద పడిపోయినవాడు లేచి 'నేను స్టేటస్ చూస్తున్నానండీ' అని వాంగ్మూలం ఇవ్వడు. పక్కన పడి ఉన్న ఫోన్‌కి లాక్ ఉంటుంది. కారణం అన్న గడిలో అతివేగం అని రాస్తే ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు.

బావ దగ్గర ఎదురు సాక్ష్యం కూడా ఉంది. 2018లో కేరళ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. జనానికి ప్రమాదం కలిగిస్తే తప్ప, డ్రైవింగ్‌లో ఫోన్ మాట్లాడినంత మాత్రాన అక్కడి పోలీసు చట్టం కింద కేసు పెట్టడం కుదరదంది. ఆ వార్తని బావ ఇప్పటికీ గ్రూపుల్లో ఫార్వర్డ్ చేస్తుంటాడు. ఆ తర్వాతే 2019 సవరణ వచ్చిందనీ, అదే కేరళలో 2023 జూన్ నుంచి రోడ్డు పక్కన కెమెరాలే ఫోన్ పట్టుకున్నవాళ్ళని పట్టేస్తున్నాయనీ గుర్తు చేశాను. "అది వాళ్ళ రాష్ట్రం" అన్నాడు.

కారు ఉన్న పెద్దమనుషులకి ఈ బాధలేం లేవు. వాళ్ళకి బ్లూటూత్ ఉంది. రెండు చేతులూ స్టీరింగ్ మీద, మనసు మాత్రం హైదరాబాదులో ఉన్న పార్టీ దగ్గర. చట్టం చేతుల్నే చూస్తుంది, వాళ్ళు చేతుల్ని చూపిస్తారు. 1997లోనే కెనడాలో 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లులు ముందేసుకుని పరిశోధకులు తేల్చిన సంగతి ఒకటుంది. ఫోన్ మాట్లాడుతున్నంతసేపూ గుద్దుకునే ప్రమాదం నాలుగు రెట్లు. చేత్తో పట్టుకోని ఫోన్‌తో ఒరిగిందేమీ లేదు. ఈ సంగతి బెజవాడ బెంజ్ సర్కిల్ దాకా ఇంకా చేరినట్టు లేదు. అక్కడ ఎర్ర లైటు పడగానే కార్లవాళ్ళూ, బండ్లవాళ్ళూ అంతా ఒకేసారి తలలు దించుతారు. కొత్తగా చూసినవాళ్ళు ఈ ఊరి జనానికి భక్తి ఎక్కువనుకుంటారు. పచ్చ లైటు పడినా తలలు లేవవు. వెనకవాడు హారన్ కొట్టాలి. ఆ వెనకవాడిని లేపడానికి వాడి వెనకవాడు కొట్టాలి.

చిన్నప్పుడు ఆర్టీసీ బస్సుల్లో డ్రైవర్ సీటు దగ్గర ఒక మాట రాసి ఉండేది: డ్రైవరుతో మాట్లాడరాదు. ఎప్పుడైనా గమనించారా, ఆ రూలు డ్రైవర్‌కి కాదు, మనకి. మాట్లాడించేవాడి నోరు కట్టేస్తే నడిపేవాడు తన పని తాను చూసుకుంటాడని ఎవరో తెలివైనవాడికి తట్టింది. పక్క సీట్లో కూర్చున్నవాడైతే ఎదురుగా లారీ వస్తే తనే మాట ఆపి గట్టిగా పట్టుకుంటాడు. ఫోన్‌లో ఉన్నవాడికి లారీ కనపడదు. అతను చదివింపుల లెక్క దగ్గరే ఉంటాడు. అయినా 184లో ఫోన్ చేసినవాడి ఊసే లేదు.

ఈ మాట అంటున్నది పతివ్రతలా కూర్చుని కాదు. మొన్న వాన పడుతున్న రాత్రి, పటమటలో మా ఇంట్లో సోఫాలో కూర్చుని బిర్యానీ ఆర్డర్ పెట్టాను. పావుగంట దాటగానే ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావ్ బాబూ?"

"బండి మీదున్నా సార్."

"సరే, వింటూ రా. లెఫ్ట్ తిరిగితే వేపచెట్టు. అది దాటాక రెండో సందు కాదు, మూడోది."

కుర్రాడు వింటూనే వచ్చాడు. హ్యాండిల్‌కి బిగించిన ఫోన్ మీద పాలిథిన్ కవరు, దాని మీద వాన చుక్కలు. నాకు పార్సిల్ ఇస్తుండగానే అది టింగుమంది. కొత్త ఆర్డర్. కొన్ని సెకన్లలో నొక్కకపోతే ఇంకొకరికి పోతుందట. తడి వేలితో తాకితే తెర పలకలేదు. షర్టుకి తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. రోడ్డు మీద ఉన్నా అలాగే నొక్కుతాడు, నొక్కాలి. పోలీసు పట్టుకుంటే ఆ వేలికి చలానా పడుతుంది. నొక్కమని సెకన్లు లెక్కపెట్టేవాడికి పడదు, మూడో సందు అని అరిచినవాడికీ పడదు. సొంత బాధ్యత గురించి గట్టిగా మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది సోఫాలో కూర్చునే మాట్లాడతారని నాకు ఆ రాత్రి అనుమానం వచ్చింది. బిర్యానీ చల్లారిపోతుందని ఎక్కువసేపు ఆలోచించలేదు.

కిందటి వారం బావకి చలానా వచ్చింది. కంట్రోల్ రూమ్ సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్ తన ఫోన్‌తో ఫోటో తీశాడు. బావ ఫోన్ మాట్లాడుతున్నాడని పట్టుకున్నదీ ఫోనే, ఆ సంగతి బావకి చేరవేసిందీ ఫోనే. మెసేజ్ వారధి మీద వచ్చిందట, అక్కడే చదివాడట. నాకూ పంపించాడు. ఫోటో చాలా స్పష్టంగా ఉంది. హెల్మెట్, అందులోంచి రెండంగుళాలు బయటికి వచ్చిన ఫోన్, పక్కకి వంగిన మెడ. బావ నవ్వుతున్నాడు.

"హెల్మెట్ పట్టుకుంది కదా బావా, కోర్టుకి వెళ్ళండి" అన్నాను.

"కోర్టు సంగతి తర్వాత. కింద టైము చూడు."

9:52 అని ఉంది.

"ఇప్పుడు నీ ఫోన్ తీసి చూడు" అన్నాడు.

చూశాను. ఆ రోజు బావకి నేను చేసిన కాల్, 9:41కి మొదలై పదహారు నిమిషాలు నడిచింది. ఈ వ్యాసం రాయాలనుకుంటున్నాననీ, సొంత బాధ్యత గురించి ఆయన ఏమనుకుంటున్నారో చెప్పమనీ అడగడానికి చేశాను. బండి మీదున్నానని ఆయన చెప్పినట్టు లీలగా గుర్తుంది. అయితే ఒక్క మాట అడిగి పెట్టేస్తానని నేను అన్నట్టు కూడా గుర్తుంది.

"సగం నువ్వు కట్టు" అన్నాడు బావ.

బేరమాడే ముఖం లేక ఫోన్‌పేలో సగం పంపాను. 'అందింది' అని ఆ నిమిషంలోనే జవాబు వచ్చింది, పక్కన బొటనవేలి గుర్తుతో సహా. రాత్రి తొమ్మిదింపావు అయింది. ఆ వేళకి బావ ఎప్పుడూ మంగళగిరి దగ్గర బండి మీద ఉంటాడు.