పురుగు లేని సీతాకోకచిలుక

గత ఆదివారం మా హైదరాబాద్ కాలనీ తోటలో ఘోరం జరిగింది. కరివేపాకు చెట్టు మీద పురుగు కనిపించింది.

తోట కమిటీ కార్యదర్శిని కాబట్టి స్వయంగా విచారణకు వెళ్లాను. మొదట పిట్ట రెట్ట అనుకున్నాను. ఆ రెట్ట నడుస్తోంది! పక్క రెమ్మ మీద దాని అన్న కాబోలు, చిటికెన వేలంత, పచ్చగా నిగనిగలాడుతూ. పుల్లతో పొడిస్తే నెత్తి మీంచి రెండు ఎర్రటి కొమ్ములు చాచి, ఘాటైన కంపు కొట్టింది. కార్యదర్శినన్న గౌరవం లేదు.

"నల్ల సీతాకోకచిలుక పిల్ల నాయనా అది. నాలుగాకులు తింటే తిననీ" అన్నారు రెండో అంతస్తు బామ్మగారు. వాటికి కరివేపాకు, నిమ్మలాంటి చెట్లే కావాలట, కండిషన్లు! సీతాకోకచిలుకలంటే మాకూ ప్రాణమే. గేటు దగ్గర ప్లాస్టిక్‌వి పన్నెండు పెట్టించాం, పైసా మేత అడగవు. ఆ సాయంత్రమే మందు కొట్టించాం.

బామ్మగారు గోడ వారన మొలిచిన జిల్లేడునూ పీకనివ్వరు. ఆకులు రథసప్తమి స్నానానికట, మిగిలినవి నారింజ రంగు సీతాకోకచిలుక పిల్లలకట. అద్దె కట్టేదెవరో మాత్రం చెప్పరు.

ఇక తంగేడు. తెలంగాణ రాష్ట్ర పుష్పమే, కాదనను. అంతమాత్రాన ఖాళీ ప్లాటులో, నీళ్లు పోసేవాడు లేకుండా, పిలవని పేరంటంలా పూస్తే ఊరుకుంటామా? జేసీబీ పెట్టి చదును చేసి మెక్సికన్ గడ్డి పరిచాం. ఎండాకాలం దానికి రోజు విడిచి రోజు ట్యాంకర్. బతుకమ్మకు తంగేడు పూలు మార్కెట్‌లో గీచి గీచి బేరమాడి తెచ్చుకుంటున్నాం.

ప్రహరీ పొడవునా సోమాలియా వైపు నుంచి వచ్చిన కోనోకార్పస్. హరితహారం రోజుల్లో నాటాం. ఒక్క ఆకుకు చిల్లు లేదు, కవాతుకు నిలబడ్డ పోలీసుల్లా ఉంటాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో వీటిని నాటొద్దని నిషేధించిందని బామ్మగారు పేపర్ కత్తిరింపు తెచ్చి చూపించారు. వేర్లు పైపుల్లో దూరతాయట. మా డ్రైనేజీ మూడుసార్లు పొంగిన మాట నిజమే. అది ప్లంబర్ తప్పని కమిటీ తీర్మానించింది.

పోయిన దసరాకు పాలపిట్టను చూద్దామని అందరం పట్టుబట్టలు కట్టి టెర్రస్ ఎక్కాం. గంట నిలబడ్డా రాలేదు. చివరికి గేటు దగ్గరికి ఒకాయన గుడ్డ కప్పిన పంజరం తెచ్చాడు. డబ్బులిచ్చి దండం పెట్టుకున్నాం.

"సార్, పొద్దుట్నుంచి దీనికి మేత లేదు. మీ తోటలో నాలుగు మిడతలుంటే పట్టుకోనా?" అన్నాడు.

మా తోట అలాంటిది కాదని గర్వంగా చెప్పి పంపించాను.