ఒక్క కార్డు మార్చుదామనుకున్నా, అంతే

ఇప్పుడే సీటీసీ నుంచి, అదే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ నుంచి వచ్చాను. పార్క్‌లేన్ ట్రాఫిక్‌లో గంటసేపు ఆటోలో కంప్యూటర్ కేబినెట్‌ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. పొద్దున ఏ డబ్బా మోసుకెళ్లానో అదే డబ్బా తిరిగొచ్చింది. 30 వేలు పోసి కొన్న గ్రాఫిక్స్ కార్డు మాత్రం సీలు కూడా తీయకుండా మంచం మీద పడుకుని నన్నే చూస్తోంది.

2021లో కొన్న గేమింగ్ పీసీ ఇది. కంపెనీవాళ్లు రెడీమేడ్‌గా బిగించి అమ్మేది. పేరు చెప్పను, చెప్పినా పక్క కంపెనీ వాళ్లేం తక్కువ తినలేదు. అందులో ఉన్న పాత గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650 తీసేసి కొత్త కార్డు ఆర్‌టీఎక్స్ 4060 పెడదామనుకున్నా. అదే నేను చేసిన పాపం.

షాపు కుర్రాడు పక్క మూత తీసి, ఫోన్ టార్చి వేసి చూసి, నా వైపు జాలిగా తిరిగాడు. "అన్నా, దీంట్ల పవర్ సప్లై 310 వాట్లే. కార్డుకు పెట్టే వైరే లేదు." నిజమే. 1650కి 75 వాట్లు చాలు, మదర్‌బోర్డు స్లాటు నుంచే లాగేసుకుంటుంది. 4060కి 115 కావాలి, విడిగా 8 పిన్నుల వైరు రావాలి, పవర్ సప్లై 550 ఉంటే మంచిదంటారు. సరే, కొత్తది ఇవ్వు తమ్ముడూ అన్నా. "ఇస్త గానీ ఎక్కదన్నా. అందరి బోర్డులకు పవర్ ప్లగ్గుల 24 పిన్నులుంటయి. మీదానికి వేరే ఉన్నది." అడాప్టర్ వేసుకోవచ్చుగా అంటారు మీరు. వేస్తాడట, కాలితే మాత్రం తనకి సంబంధం లేదట.

అయితే బోర్డు మార్చు. బోర్డు మారిస్తే ఈ కేబినెట్‌లో స్క్రూలు కలవవు. పవర్ బటన్ వైరు కూడా వాళ్ల సొంత డిజైనే. బటన్ అండీ, బటన్! సరే, కేబినెట్ కూడా మార్చు. అప్పుడు విండోస్ లైసెన్సుకి నీళ్లొదులుకోవాలి, అది పాత బోర్డుతో ఏడడుగులు నడిచేసింది. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవుని తెచ్చుకున్న సన్యాసిని చూసి ఇన్నాళ్లూ నవ్వాను. చివరికి నాకు మిగిలేది ప్రాసెసరు, ఎస్‌ఎస్‌డీ, ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్. రెండు స్లాట్లుంటే ఒకదాంట్లోనే పెట్టి పంపారు మహానుభావులు! జంటగా పెడితే వేగం పెరుగుతుందని వాళ్లకి తెలియదా? ముందువైపు ఎర్ర లైటు పెట్టడం మాత్రం మర్చిపోలేదు. ఇప్పుడు ఏఐ పుణ్యమా అని ర్యామ్ ధర చూస్తేనే కళ్లు తిరుగుతున్నాయి, ఆ రెండోది నేను కొనుక్కోవాలి.

1995లో ఇంటెల్ బోర్డులకీ డబ్బాలకీ కలిపి ఏటీఎక్స్ అని ఒక కొలత పెట్టింది. అప్పటి నుంచి ఎవరి బోర్డైనా ఎవరి డబ్బాలోనైనా హాయిగా కూర్చుంటోంది. వీళ్లకి మాత్రం కుదరదు. ఇంట్లో బల్బు పోతే గోడ పడగొట్టి కట్టుకోమంటారా ఎవరైనా? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి ఎంత తియ్యగా చెప్పిందో! "సార్, మీ మోడల్‌కి ఆ అప్‌గ్రేడ్ సపోర్ట్ లేదు సార్. మా కొత్త మోడల్ చూస్తారా సార్?" చూస్తాను తల్లీ, ఎందుకు చూడను.

అసలు వాళ్లని అని లాభం లేదు. అనాల్సింది మా బావని. 2021లో గ్రాఫిక్స్ కార్డులు దొరక్క జనం అల్లాడుతుంటే, కొన్నాళ్లు ఆగుదామనుకున్నా. "కంపెనీది కొనెయ్‌రా, టెన్షన్ ఉండదు" అన్నాడు. ఈయన ఈ మాట అనడం మొదటిసారా? 2009లో నేను ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు నాన్న 25 వేలు చేతిలో పెట్టారు. నా ఫ్రెండూ నేనూ సీటీసీకి వెళ్లి విడి భాగాలు కొని చెరొకటి అసెంబుల్ చేయించుకుందామని లిస్టు కూడా రాసుకున్నాం. బావ వచ్చి కాఫీ తాగుతూ, "అసెంబుల్డ్ అంటే మూణ్ణాళ్ల ముచ్చట మావయ్యా" అన్నాడు. అంతే. నాకు కంపెనీ డబ్బా వచ్చింది, నాలుగేళ్లకి పాత సామాన్లవాడికి పోయింది. మావాడు ఆ లిస్టు ప్రకారమే కొన్నాడు. బోర్డు మార్చాడు, ప్రాసెసర్ మార్చాడు, కార్డు మూడుసార్లు మార్చాడు. కేబినెట్ మాత్రం ఇప్పటికీ ఆ 2009దే. పోయిన నెల ఫొటో పెట్టాడు, నేను లైక్ కొట్టలేదు.

ఇంతలో అక్క ఫోన్. మేనల్లుడు బీటెక్‌లో చేరాడు కదా, కంప్యూటర్ కొనాలట, ఏది మంచిదో చెప్పమంది. నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి బావ గొంతు వినిపించింది. "వాణ్ణెందుకు అడుగుతావ్, ఆఫర్ నడుస్తోంది, కంపెనీదే బుక్ చేశాను."